పదకొండు ఇరవై నాలుగు

మా మోటారు క్లబ్బు వాళ్లు ఎక్కడ ఎదురైనా ఇప్పటికీ నన్ను ఒకటే అడుగుతారు. "గ్రాన్యా, టైమెంతయింది?" పక్కనున్నవాళ్లు నవ్వుతారు. నేనూ నవ్వి, చేతి గడియారం చూసి, నిమిషంతో సహా చెబుతాను. పదకొండేళ్లు కారు పోటీల ర్యాలీల్లో మా ఆయన పక్క సీట్లో కూర్చుని దారి చదివినదాన్ని. ఆ పదకొండేళ్లలో ఏ చెక్‌పోస్టుకీ ఒక్క నిమిషం ముందు పోలేదు, ఒక్క నిమిషం వెనక పోలేదు. పోయిన జూన్‌లో మాత్రం పద్దెనిమిది నిమిషాలు ఆలస్యంగా పోయాను. వాళ్ల నవ్వు దానికి. ఈ చుట్టుపక్కల ఊళ్లలో విన్నీ అనే ముసలావిడ ఒక్కతే నన్ను టైము అడగదు.

ఏప్రిల్‌లో మా ఆయన కోనల్ స్కూలు బస్సు మానేశాడు. ఇరవై రెండేళ్లుగా నడుపుతున్న బస్సు. నడుం నొప్పి అన్నాడు. నడుం నొప్పి ఉన్న మనిషి సాయంత్రమయ్యేసరికి షెడ్డులో కారు కింద దూరి గంటలకొద్దీ పడుకోడు. ఆ కారు పాత ట్రయంఫ్. ఇద్దరే పట్టే ఆకుపచ్చ స్పోర్ట్స్ కారు, నాకంటే నాలుగేళ్లు చిన్నది. ఏడాదంతా అందులో ఏదో ఒకటి విప్పుతాడు, బిగిస్తాడు. జూన్‌లో మా జిల్లా ర్యాలీకి మాత్రం అది షెడ్డులోంచి బయటికి వచ్చి తీరుతుంది.

నేనేమీ అడగలేదు. భోజనాల బల్ల దగ్గర గమనిస్తూ వచ్చాను. ఒకరోజు బంగాళాదుంపల గిన్నె ఎప్పుడూ పెట్టేచోటే పెడితే, "దుంపలేవీ?" అన్నాడు. గిన్నె అతని ఎడమ మోచేతికి జానెడు దూరంలో పొగలు కక్కుతోంది.

మర్నాటినుంచి పరీక్ష పెట్టాను. ఉప్పు డబ్బాను పూటకి నాలుగు వేళ్ల చొప్పున పక్కకి జరుపుతూ పోయాను. ఒకరోజు ఎడమకి, ఒకరోజు కుడికి. అతను చెయ్యి చాపి తడుముకోవడం ఎక్కడ మొదలవుతుందో అక్కడ మేజాగుడ్డ మీద గోటితో చిన్న గీత గీసేదాన్ని. వారం తిరిగేసరికి తేలిపోయింది. కంచం అంచుకి అటు జానెడు, ఇటు జానెడు. అంతకు మించి అతనికి బల్ల లేదు.

ఆ ఆదివారం అతను పేపరు చదువుతుంటే పక్కన నిలబడి, "నా చేతిలో ఏముందో చెప్పు," అన్నాను.

తల తిప్పలేదు. "నీ చేతిలో ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది."

"ఇప్పుడేముంది?"

అప్పుడు తిప్పి చూశాడు. రొట్టె కోసే కత్తి అతని చెవి పక్కనే ఉంది.

"ఎన్నాళ్లయింది?"

"చలికాలం నుంచీ." పేపరు మడిచాడు. "ఎదురుగా బాగానే కనబడుతుంది గ్రాన్యా. గద్దకి కనబడ్డట్టు. పక్కలే, గొట్టంలోంచి చూస్తున్నట్టుంది. కళ్లద్దాల షాపతను పెద్దాసుపత్రికి రాశాడు. జులై తొమ్మిదిన రమ్మన్నారు."

"అంత దూరం ఇచ్చారా?"

"మొదట మే ఏడుకే ఇచ్చారు. నేనే మార్చమన్నాను."

ర్యాలీ జూన్ మూడో వారంలో. లెక్క వేరే చెప్పక్కర్లేదు.

"డాక్టరు చూసేదాకా నాకెవరూ ఏమీ చెప్పనట్టే," అన్నాడు. "చూశాక ఇంక ఏ బండి తాళమూ ముట్టుకోనివ్వరు. ఈ ఒక్కసారి."

"మరి బస్సెందుకు మానేశావు?"

"పిల్లలుంటారు అందులో."

"నన్ను ఎక్కించుకుంటావా?"

అతను నా మొహంలోకి సూటిగా చూశాడు. అలా చూసినప్పుడు ఏ లోపమూ కనబడదు. "నువ్వు చదువుతావుగా," అన్నాడు.

*

బ్రీజ్ అతని అక్క. రెండిళ్ల అవతల ఉంటుంది. నేను వెళ్లేసరికి రొట్టె పిండి కలుపుతోంది. చెబితే ఆశ్చర్యపోలేదు. పిండి మీద చేతులు మాత్రం ఆగాయి.

"మా నాన్న కూడా ఇలాగే టీ కప్పు కోసం తడుముకునేవాడు. మేం నవ్వేవాళ్లం," అంది.

"క్లబ్బులో చెప్పు బ్రీజ్. నువ్వు అక్కవి."

"నేను చెబితే వాడు చచ్చేదాకా నాతో మాట్లాడడు. నువ్వు చెబితే నీతో మాట్లాడడు. నాకైతే రెండిళ్ల అవతల. నీకు ఒకే మంచం." పిండిని తిరగేసి కొట్టింది. "నువ్వు ఎక్కనని మొండికెయ్యి తల్లీ. అంతే."

"నేను కాదంటే ఎక్కడానికి క్లబ్బులో ముగ్గురు సిద్ధంగా ఉన్నారు. వాళ్లకి తెలియదు. మలుపు రాగానే మలుపు చదువుతారు. పక్కన గోడ ఉందని ఎవరు చెబుతారు?"

బ్రీజ్ పిండి ముద్దని గుండ్రంగా చేసి పళ్లెంలో పెట్టింది. చివరికి, "అయితే ఎక్కు," అంది. "గట్టిగా చదువు." ఆ మాట అన్నాక కళ్లు తుడుచుకోబోయి మొహమంతా పిండి చేసుకుంది. ఇంకో రోజైతే ఇద్దరం నవ్వి ఉండేవాళ్లం.

*

ర్యాలీకి ముందు వారం, పోటీ కోసం మూసేసే ప్రతి దారినీ రెండేసిసార్లు చూసుకోనిస్తారు. మామూలు కారులో, మామూలు వేగంతో. డ్రైవరు ఒక్కో మలుపునీ చూసి దానికి అంకె చెబుతాడు, పక్కనున్న మనిషి రాసుకోవాలి. ఒకటంటే కొక్కెంలా తిరిగే మలుపు. ఆరంటే యాక్సిలరేటరు మీంచి కాలు తియ్యక్కర్లేనిది. పోటీ రోజున రాసుకున్నది రాసుకున్నట్టు, మలుపు రాకముందే, హెల్మెట్లోని మైకులో చదవాలి. తొందరపడితే అతను మరిచిపోతాడు, ఆలస్యమైతే మలుపు దాటిపోతుంది. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో కోనల్ నన్ను తిట్టిన తిట్టు ఒకటే. "ఆలస్యం." ఇంట్లో అన్నం విషయంలో కూడా అనడు, కారులోనే అంటాడు.

అతనికి ఎప్పుడూ పొట్టి నోట్సు కావాలి. మాటలు ఎక్కువైతే చిరాకు. పాత నోట్సు పుస్తకంలో విన్నీ ఇంటి ముందు దారికి ఉన్నది ఒకటే వరస: ఎడమ నాలుగు, వంద గజాలు, కుడి మూడు. ఈ ఏడాది ఆ వంద గజాల్లోనే అతను మూడుసార్లు కారు ఆపించాడు.

"గోడ మొదలవుతుందని రాయి."

"గోడ ఎప్పటినుంచో ఉంది కదా."

"రాయి. ఎడమ. తర్వాత గేటు స్తంభం. అది ముందుకుందా, లోపలికుందా?"

"ముందుకి. మూరెడు."

"మూరెడు ముందుకని రాయి. ఆ ముళ్లపొద కూడా."

రాశాను. పెన్సిలు మొన అరిగిపోతే చెక్కుకుని మళ్లీ రాశాను. ఒక పుస్తకంలో సరిపోయే దారులకి మూడు పుస్తకాలు పట్టాయి. ఇంటికొచ్చి పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూశాను. అతని కళ్లకి ఏమేమి కనబడటంలేదో అంతా నా చేతిరాతలో ఉంది. ఏ డాక్టరుకి చూపించినా సరిపోతుంది. పుస్తకాలు మూసి సంచీలో పెట్టి, అతనికి ఇష్టమని పంది మాంసం వేపాను.

తినేటప్పుడు అతను, "ఈసారి బాగా రాశావు," అన్నాడు.

*

శనివారం మొదటి రెండు దారులూ బాగా నడిచాయి. ఎంత బాగా నడిచాయంటే నాకు భయం వేసింది. నేను గోడ అంటే గోడ దగ్గర జరిగాడు, పొద అంటే పొద దగ్గర జరిగాడు. నా గొంతులోంచి అతను రోడ్డుని చూస్తున్నాడు. నాలిక ఎండిపోతున్నా మింగడానికి ఖాళీ లేదు.

మూడోది విన్నీ ఇంటి దారి. ఆ దారి ఇళ్లవాళ్లు ర్యాలీ రోజున గుమ్మాల్లో కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. గోడ వెనక కూర్చోమని క్లబ్బు వాళ్లు ఇంటింటికీ వచ్చి చెప్పి, చేతికి కాగితం ఇచ్చి వెళతారు. అందరూ సరేనంటారు. విన్నీ కూడా సరేనంటుంది. ఎనభై ఒక్కేళ్లు. మొగుడు పోయి పదేళ్లయింది.

"ఎడమ నాలుగు, గోడ ఎడమ, గేటు స్తంభం మూరెడు ముందుకి, వంద..."

స్తంభం తప్పించాడు. స్తంభానికి అవతల, గడ్డి మీద, నా పుస్తకంలో లేనిది ఒకటి ఉంది. చెక్క కుర్చీ. నా పక్కనించే వచ్చింది. కుర్చీలో ఊలుతో అల్లిన ఎర్ర దిండు. అంతవరకే చూశాను. టప్‌మని శబ్దం, పుల్లలు అద్దం మీదుగా ఎగిరిపోయాయి.

"ఏదో తగిలిందా?" మైకులో కోనల్ గొంతు.

కుర్చీ ఖాళీగా ఉందా? దిండు ఒక్కటే కనబడింది. ఖాళీగా ఉంటేనే దిండు కనబడుతుంది. ఆ సంగతి నాకు నేను చెప్పుకోవడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు, ఈలోగా కుడి మూడు మా మీదికొచ్చేసింది.

"గడ్డిమోపు," అన్నాను. "కుడి మూడు, పొద కుడి."

"ఆలస్యం," అన్నాడతను, తిప్పుతూ.

దారి చివర దిగినప్పుడు చూశాను. ఎడమ అద్దం వంగిపోయి ఉంది. దానికి ఎర్ర ఊలు దారం ఒకటి చుట్టుకుంది. అది విప్పి చేతి తొడుగులో పెట్టుకున్నాను. ఎవరూ ఏమీ అడగలేదు. గుమ్మాల్లో కుర్చీలు విరగడం ఇక్కడ వింత కాదు.

సాయంత్రం రోడ్లు తెరిచాక, బ్రీజ్ కారు తీసుకుని విన్నీ ఇంటికి వెళ్లాను. ఆవిడ అప్పటికే వాకిట్లో కుర్చీ పుల్లలు ఏరి పొయ్యి పక్కన పేర్చుకుంది.

"రా గ్రాన్యా. నీ మొగుడు నాకు కట్టెలు కొట్టిపెట్టాడు," అంది.

లోపలికి వెళ్లి బల్ల దగ్గర కూర్చున్నాను. "నువ్వెక్కడున్నావు విన్నీ?"

"లోపల. టీ పోసుకుని వెళ్లి కూర్చున్నాను. చూస్తే చెంచా లేదు. మా ఆయనైతే వేలితో కలిపేసుకునేవాడు, నేనలా కలుపుకోలేను. చెంచా కోసం లేచాను." టీ కెటిలు పొయ్యి మీద పెట్టింది. "సొరుగు తీస్తుంటే వినబడింది."

నేను ఊలు దారం బల్ల మీద పెట్టాను. ఆవిడ దాన్ని చూసి, తర్వాత నన్ను చూసింది.

"కోనల్ చూడలేదా?"

"లేదు."

"కుర్చీనా, నన్నా?"

"నువ్వున్నా చూసేవాడు కాదు."

ఆవిడ నా టీలో చక్కెర వేసి, తనే కలిపి, చెంచా సాసరులో పెట్టింది. "రేపు మళ్లీ ఈ దారేనా?"

"చివరి దారి ఇదే. నువ్వు గోడ వెనకే ఉండు విన్నీ. నీ కాళ్లకి మొక్కుతాను."

"గోడ వెనకనుంచి ఏం కనబడుతుందే? నలభై ఏళ్లుగా అక్కడే కూర్చుంటున్నాను." తన కప్పు అందుకుని, "రేపు వంటింటి కుర్చీ అక్కడే వేసుకుంటాను," అంది. మొండితనంగా అనలేదు. నాకేదో గడువు ఇస్తున్నట్టు అంది.

ఇంటికి వచ్చేసరికి కోనల్ బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. మా తరగతి కార్లలో మూడో స్థానంలో ఉన్నాం. పదకొండేళ్లలో ఎప్పుడూ పన్నెండు దాటి పైకి రాలేదు. అతని మొహం చూస్తే పెళ్లినాటి ఫోటోలో మొహంలా ఉంది.

"ఎక్కడికెళ్లావు?"

"విన్నీ దగ్గరికి." చెప్పేద్దామనే నోరు తెరిచాను. "కోనల్, అది గడ్డిమోపు..."

"రేపొక్కరోజు గ్రాన్యా," అన్నాడు. నా చెయ్యి పట్టుకోబోయాడు. నా చెయ్యి అతని కంచానికి జానెడు అవతల ఉంది. అతను బల్లని తడిమాడు. నేను చెయ్యి జరిపి అతని చేతికింద పెట్టాను.

*

ఆదివారం పొద్దున అధికారుల గుడారం పక్కనుంచే నడిచి వెళ్లాను. ఒక్క మాట చెబితే చాలు. ఆ మాట సాయంత్రానికి జిల్లా అంతా తిరుగుతుంది. కళ్లు కనబడకుండా కారు నడిపినవాడని అతను బతికినన్నాళ్లూ అంటారు. అందులో అబద్ధం ఉండదు. గుడారంలో టీ తాగుతున్నవాళ్లు నన్ను చూసి చెయ్యి ఊపారు. నేనూ ఊపి వచ్చేశాను.

చివరి దారి మొదట్లో ఉండే చెక్‌పోస్టులో మా నిమిషం పదకొండు ఇరవై నాలుగు. ప్రతి కారుకీ ఒక నిమిషం ఉంటుంది. ఆ నిమిషంలోనే నావిగేటరు, అంటే నాలా పక్క సీట్లో దారి చదివే మనిషి, వెళ్లి టైము కార్డు చేతికివ్వాలి. ఆలస్యానికి కొంత శిక్ష వేస్తారు. పదిహేను నిమిషాలు దాటితే పోటీలోంచే తీసేస్తారు. టైము చూసుకోవడం నావిగేటరు పని. ర్యాలీ రోజుల్లో కోనల్ చేతికి గడియారమే పెట్టుకోడు. కారులో ఉన్న గడియారం నా వైపు, నా మోకాళ్ల దగ్గర ఉంటుంది.

చెక్‌పోస్టుకి అర మైలు ముందు చర్చి ఉంది. పక్కన సముద్రం వైపు కాస్త ఖాళీ జాగా.

"ఇక్కడ ఆపు," అన్నాను. "చాలా టైముంది."

"ఎంతకి మనది?"

"పదకొండు నలభై రెండు."

అప్పుడు టైము పదకొండు పది. కోనల్ కారు పక్కకి తీసి, నేను చెప్పకుండానే, ముక్కు సముద్రం వైపు తిప్పి ఆపాడు. రోడ్డు మా వెనక పడింది. ఇంజను ఆపేశాడు. హెల్మెట్లు తీశాం.

ఫ్లాస్కులో టీ, బ్రీజ్ కట్టిచ్చిన రొట్టెలూ ఉన్నాయి. టీ పోసి, కప్పు సరిగ్గా అతని ఎదురుగా పట్టుకున్నాను. తీసుకున్నాడు. ఆటుపోటు వెనక్కి తగ్గి ఇసుకంతా బయటపడి ఉంది. ఒకామె కుక్కతో నడుస్తోంది. అతనికి ఆమె కనబడుతోంది, మధ్యలో ఉంది కాబట్టి. ఆమె ఎడమకి నడుస్తూ నడుస్తూ అతనికి లేకుండా పోయింది.

మా వెనక రోడ్డు మీద కార్లు వెళుతున్నాయి. ఒకటి. కాసేపాగి ఇంకొకటి. మా ముందు నంబర్లవి అయిపోయాయి. నా గడియారంలో ఇరవై నాలుగు వచ్చింది. ముల్లు దాని మీదనించి నడిచి వెళ్లిపోవడం చూశాను. పదకొండేళ్లలో అది మొదటిసారి.  కార్డు ఒళ్లో ఉంది. అంకె మీద బొటనవేలు పెట్టి కప్పాను, తల తిప్పకపోతే అతనికి కనబడదని తెలిసి కూడా.

ఇరవై ఐదు. మా వెనక నంబరు వెళ్లింది. ఇరవై ఏడు. ఇంకోటి, గట్టిగా అరుస్తూ.

"టైముందా?" అన్నాడు కోనల్.

"ఉంది."

అతను తల వెనక్కి ఆనించి కళ్లు మూసుకున్నాడు. "టీ ఇంకా ఉందా?"

పోశాను. కొంచెం అతని మోకాలి మీద ఒలికింది. కాలి ఉంటుంది. అతను కదల్లేదు. రొట్టె తుంచుకుని నెమ్మదిగా నమిలాడు. ర్యాలీ రోజున అతను రొట్టె ముక్క కూడా తినలేడు, కడుపు పట్టదు. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు. నేను ముల్లుని చూస్తున్నాను.

ముప్ఫై తొమ్మిది దాటాక, "పద," అన్నాను.

చెక్‌పోస్టు బల్ల దగ్గర మా పక్క ఊరి టీచరమ్మ ఈఫా కూర్చుని ఉంది. కార్డు తీసుకుని చూసింది. మళ్లీ చూసింది.

"గ్రాన్యా, మీది పదకొండు ఇరవై నాలుగు కదా."

"అవునా?"

"మీరు తిరగేసి చదువుకున్నట్టున్నారు." గొంతు తగ్గించింది. "మీరా! నేను ఎవరికి చెప్పినా నమ్మరు. నేనిది రాయాలి. రాస్తే అయిపోయినట్టే."

"రాయి," అన్నాను.

ఆమె కోనల్ వైపు వంగి చెప్పింది. కోనల్ ఎదురుగా ఉన్న రోడ్డుని చూస్తూ విన్నాడు. ఆ రోడ్డు కొండ మీదికి ఎక్కి విన్నీ ఇంటి వైపు తిరుగుతుంది.

"సరేనమ్మా, పాపం నువ్వేం చేస్తావు," అన్నాడు ఆమెతో.

కారు వెనక్కి తీసి, చర్చి దాకా వచ్చి మళ్లీ అక్కడే ఆపాడు. బెల్టులు విప్పాడు. దిగి, కారు మీద చెయ్యి ఆనించి, లైట్ల మీదుగా, బానెట్టు మీదుగా తడుముకుంటూ నా వైపుకి వచ్చాడు. తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. నేను దిగాను. అతను నా సీట్లో కూర్చున్నాడు. నేను తిరిగి వెళ్లి అతని సీట్లో కూర్చున్నాను. సీటు ముందుకి జరుపుకోవాల్సి వచ్చింది.

రెండు మైళ్లు నడిపాను. తర్వాత అతను ఎదురుగా చూస్తూనే అన్నాడు.

"ఫ్రాంకీ కారు మూడో గేరులో ఏడుస్తోంది. దారి చివరిదాకా పోదు."

ఫ్రాంకీ మా వెనక మూడో నంబరు. ఇరవై ఏడుకి మా వెనకనించి అరుస్తూ పోయిన కారు వాడిదే. పదిహేను కార్లు పోయాయి ఆ రోడ్డు మీద. ప్రతిదాని గొంతూ కోనల్‌కి తెలుసు.

నేను గేరు మార్చాను.

"కుర్చీయా, అది?" అన్నాడు కాసేపటికి.

"కుర్చీ."

"విన్నీది."

"చెంచా కోసం లోపలికి వెళ్లింది."

అతను రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. నా మూడు పుస్తకాలూ అతని కాళ్ల దగ్గర సంచీలో ఉన్నాయి. అవి ఇంటిదారికి కావు. ఇంటిదారికి ఎవరూ ఎప్పుడూ నోట్సు రాయలేదు.

"ఎడమ ఐదు," అన్నాడు ఉన్నట్టుండి. సీట్లో సర్దుకుని మళ్లీ మొదలుపెట్టాడు. "ఎడమ ఐదు, వంతెన, సన్నం. యాభై. కుడి నాలుగు, పాల డబ్బాల అరుగు ఎడమ."

వంతెన అప్పటికే దాటేశాం.

"ఆలస్యం," అన్నాను.

"అవును," అన్నాడు. "కుడి నాలుగు."